గేటు దగ్గరి మెటల్ డిటెక్టర్: బ్యాటరీ వేసేదా, చార్జింగ్ పెట్టేదా, ఏది మేలు?

ముహూర్తాలు దగ్గర పడుతున్నాయంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, అపార్టుమెంట్లు చూసుకునే మనవాళ్లు అడిగేది ఒక్కటే. "అన్నా, గేటుకు చేతి మెటల్ డిటెక్టర్లు తీసుకుంటున్నాం. 9 వోల్టుల బ్యాటరీ వేసేవి కొనాలా, చార్జింగ్‌వి కొనాలా?" ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నాను.

నేను డిటెక్టర్లు అమ్మను. ఇక్కడి ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్‌పీ రోడ్డు పక్క సందులో రిపేరు మాత్రమే చేస్తాను. కొత్తగా ఉన్నప్పుడు ఏది ఎంత బాగుంటుందో అమ్మేవాళ్లు చెప్పగలరు. రెండేళ్లు గేటు దగ్గర నలిగాక ఏది ఎలా తయారవుతుందో నేను రోజూ చూస్తున్నాను.

కొనేటప్పుడు అందరూ చూసేది ఒకటే: గుండుసూదిని పట్టుకుంటుందా, బ్లేడును ఎంత దూరం నుంచి పట్టుకుంటుంది అని. చూడాల్సిందే. కానీ లోహాన్ని పసిగట్టే రాగి తీగ చుట్ట, దాని పక్కనున్న బోర్డు అంత తేలిగ్గా చెడిపోవు. కింద పడితే చుట్ట దగ్గర అతుకు ఊడుతుంది, లేదా చుట్టను పట్టి ఉంచిన జిగురు వదిలి, ఊపినప్పుడల్లా ఊరికే కూస్తుంది. డబ్బా విప్పితే ఆ రెండూ అరగంట పని. నా బల్ల మీదికి వచ్చేవాటిలో చాలావరకు జబ్బు కరెంటు అందే దారిలోనే ఉంటుంది: బ్యాటరీ క్లిప్పు, చార్జింగ్ సాకెట్, స్విచ్, లోపలి సెల్లు. అందుకే పైకి చిన్నదిగా కనిపించే ఈ బ్యాటరీ ప్రశ్నే ఆ డిటెక్టర్ ఎన్నాళ్లు బతుకుతుందో తేలుస్తుంది.

ముందు చార్జింగ్ రకం. దాని మంచి దానికి ఉంది. మాటిమాటికీ బ్యాటరీ కొనక్కర్లేదు, చిల్లర డబ్బు కోసం మేనేజరును అడగక్కర్లేదు. బ్యాటరీ మూత ఉండదు కాబట్టి, సాయంత్రం వానలో గేటు దగ్గర తడిసినా నీళ్లు లోపలికి పోయే సందులు తక్కువ. మే నెల వానలకూ, సెప్టెంబర్, అక్టోబర్ వానలకూ ఇది చిన్న విషయం కాదు.

చిక్కంతా ఆ సాకెట్‌తో వస్తుంది. రోజుకు రెండుసార్లు వైరు గుచ్చి పీకుతారు, ఒక్కోసారి వైరుతో సహా డిటెక్టర్ను లాగేస్తారు. కొన్నాళ్లకు బోర్డు మీద సాకెట్ అతుకు పగులుతుంది. అప్పుడు వైరును ఒక పక్కకు వంచి పట్టుకుంటేనే చార్జింగ్ ఎక్కుతుంది. ఇంకొందరు రౌటర్ అడాప్టర్ పిన్ను సరిపోయింది కదా అని అదే గుచ్చేస్తారు. 5 వోల్టులు అడిగే చోట 12 వోల్టులు ఇస్తే చార్జింగ్ సర్క్యూట్ కాలిపోతుంది. గార్డును తిట్టి లాభం లేదు, సరైన అడాప్టర్ ఏదో అతనికి ఎవరూ చూపించి ఉండరు.

లోపలి సెల్లు అంతకంటే పెద్ద బాధ. పాత రకాల్లో నికెల్ సెల్లు, కొత్తవాటిలో లిథియం. చౌక చార్జర్లు నిండాక ఆగవు, రాత్రంతా అలాగే ఉంటే నికెల్ ప్యాక్ వేడెక్కి తొందరగా ముసలిదైపోతుంది. లిథియంకు వచ్చే కష్టం వేరు. మన హాళ్లు ఆషాఢంలో, శూన్యమాసంలో దాదాపు ఖాళీ. డిటెక్టర్లు స్టోర్ రూములో పడి ఉంటాయి. చార్జింగ్ అయిపోయిన లిథియం సెల్లును అలాగే రెండు మూడు నెలలు వదిలేస్తే, ఉన్న కాస్త వోల్టేజీ కూడా జారిపోయి చార్జరు దాన్ని తీసుకోవడమే మానేస్తుంది. మార్చాలంటే ఆ కొలతకు, ఆ ఆకారానికి సరిపోయే ప్యాక్ దొరకాలి. దొరికినా కొన్ని మోడళ్ల డబ్బాకు స్క్రూలు ఉండవు, ప్లాస్టిక్ కరిగించి అతికిస్తారు. విప్పడమంటే పగలగొట్టడమే.

ఔటర్ రింగ్ రోడ్డు వైపు ఒక హాలుకు నాలుగూ చార్జింగ్‌వే ఉండేవి. ఆషాఢం వెళ్లి శ్రావణంలో మొదటి పెళ్లి. సాయంత్రం ఐదింటికి బయటికి తీస్తే మూడు ఆన్ కాలేదు. బంధువులు కార్లు దిగుతున్నారు, మేనేజరుకు టెన్షన్. గార్డులు ఆ ఆరిపోయినవాటినే పట్టుకుని వచ్చినవాళ్ల మీద పైకీ కిందికీ తిప్పుతూ నిలబడ్డారు. మర్నాడు ఆ మూడూ నా దగ్గరికి తెచ్చినప్పుడు మేనేజరే ఈ సంగతి చెప్పాడు. వినడానికే భయం వేసింది. 2010 ఏప్రిల్ 17న చిన్నస్వామి స్టేడియం దగ్గర మ్యాచ్‌కు ముందు బాంబులు పేలిన ఊరు ఇది. డిటెక్టర్ లేదని తెలిస్తే గార్డు కనీసం బ్యాగు విప్పి చూస్తాడు. చేతిలో ఏదో ఉంది కాబట్టి చూడలేదు.

ఇప్పుడు 9 వోల్టుల రకం. దీనికీ జబ్బులు ఉన్నాయి. క్లిప్పు రివెట్లు వదులవుతాయి, దాని వైర్లు వంగి వంగి తెగుతాయి. బ్యాటరీ మూత పోతుంది, ప్లాస్టరు వేసి నడిపిస్తుంటారు. అన్నిటికంటే ఎక్కువగా చూసేది బ్యాటరీ కారడం. చౌక జింక్ బ్యాటరీ వేసి నెలల తరబడి మరిచిపోతే అది కారి క్లిప్పును తినేస్తుంది, బోర్డు దాకా పాకుతుంది. జింక్‌ది ఆమ్లం, దాన్ని వంట సోడా నీళ్లలో ముంచిన దూదితో తుడవాలి. ఆల్కలైన్‌ది క్షారం, తెల్లటి పొడిలా పేరుకుంటుంది, దానికి నిమ్మరసమో వెనిగరో వాడాలి. ఒకదాని మందు ఇంకొకదానికి పనిచేయదు. ఆ తర్వాత స్పిరిట్‌తో తుడిచి బాగా ఆరనివ్వాలి. నెలకు మించి వాడకపోతే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి, ఈ గొడవే ఉండదు. చార్జింగ్ రకంలో ఆ ఒక్క పనే చేయలేం.

నేను 9 వోల్టుల వైపు మొగ్గడానికి కారణం ఇదే. దాని జబ్బులు గేటు దగ్గరే నయమవుతాయి. బ్యాటరీ అయిపోతే గార్డు జేబులోంచి ఇంకొకటి తీసి వేస్తాడు, నిమిషంలో పని మళ్లీ మొదలు. చార్జింగ్‌ది అయిపోతే రెండు మూడు గంటలు గోడకు వేలాడుతుంది, ఆ సేపు గేటు ఖాళీ. క్లిప్పు తెగితే కొత్తది ఎస్‌పీ రోడ్డులో ఏ షాపులోనైనా ఇరవై రూపాయల లోపే. ఏ కంపెనీ డిటెక్టరైనా క్లిప్పు అదే, బ్యాటరీ అదే. ఎన్నో ఏళ్లుగా వస్తున్న గారెట్ కంపెనీ చేతి డిటెక్టర్ సూపర్ స్కానర్ నడిచేది కూడా ఈ మామూలు 9 వోల్టుల బ్యాటరీ మీదే. మీరు కొన్న కంపెనీ మూతపడినా బ్యాటరీ దొరక్కుండా పోదు.

ఖర్చు మాట నిజమే. రోజుకు ఎనిమిది గంటలు వాడితే మంచి ఆల్కలైన్ బ్యాటరీ వారం, పది రోజులు వస్తుంది. నాలుగు గేట్లుంటే ఏడాదికి లెక్క పెరుగుతుంది. దీనికి నేను చెప్పే దారి ఒకటుంది: 9 వోల్టుల ఆకారంలోనే వచ్చే నికెల్ మెటల్ హైడ్రైడ్ రీచార్జబుల్ బ్యాటరీలు. డిటెక్టర్ ఒక్కోదానికి రెండు కొనండి, ఒకటి వాడకంలో, ఒకటి ఆఫీసు గదిలో చార్జరు మీద. కొనేటప్పుడు దాని మీద రాసింది చదవండి. 7.2 వోల్టులవీ ఉంటాయి, 8.4 వోల్టులవీ ఉంటాయి, రెంటినీ 9 వోల్టులనే అమ్ముతారు. 8.4వే కావాలి. 7.2 వేస్తే చాలా డిటెక్టర్లలో మొదటి రోజు నుంచే బ్యాటరీ అయిపోతోందని చెప్పే లైటు వెలుగుతుంది. వీటిలో నిల్వ ఆల్కలైన్‌లో సగం దాకానే, రెండు మూడు రోజులకోసారి మార్చాలి.

యూఎస్‌బీ వైరు గుచ్చి చార్జ్ చేసే 9 వోల్టుల లిథియం బ్యాటరీలు కూడా వచ్చాయి. ఫోన్ చార్జరు చాలు కదా అని అడుగుతున్నారు. డిటెక్టర్లో నేను వాటిని వేయను. వాటి లోపల వోల్టేజీని పెంచే చిన్న సర్క్యూట్ ఉంటుంది, దాని రొద కొన్ని డిటెక్టర్లకు పడదు, ఊరికే కూస్తాయి. పైగా చివరిదాకా 9 వోల్టులే ఇచ్చి ఒక్కసారిగా ఆగిపోతాయి. బ్యాటరీ లైటు వెలిగే అవకాశమే లేదు.

రెండు రకాలకూ వర్తించే మాట ఇంకొకటి. చౌక డిటెక్టర్లలో బ్యాటరీ తగ్గేకొద్దీ పట్టుకునే శక్తి కూడా తగ్గుతుంది. నాణెం దగ్గర కూస్తూనే ఉంటుంది, బ్లేడు దగ్గర మాత్రం మౌనం. బాగానే ఉందనుకుంటాం. ఇంకొన్నిచోట్ల బెల్టు బకిళ్లకూ ఫోన్లకూ కూస్తోందని విసుగొచ్చి, స్క్రూడ్రైవరుతో సెన్సిటివిటీని బాగా తగ్గించేస్తారు. షిఫ్ట్ మొదలైనప్పుడల్లా ఒకే వస్తువుతో, ఒకే దూరంలో పరీక్షించి రిజిస్టరులో రాయించండి. ఒక చిన్న తాళం చెవి చాలు.

మనిషి లోంచి నడిచి వెళ్లే డోర్ ఫ్రేమ్ డిటెక్టర్ల గురించి అడిగేవాళ్లకు క్లుప్తంగా చెబుతాను. వాటికి వచ్చే ఫిర్యాదుల్లో చాలావరకు పెట్టిన చోటు వల్లే. లిఫ్టు పక్కన, ఇనుప షట్టరు పక్కన, ఊగే నేల మీద పెడితే ఎంత ఖరీదైనదైనా ఊరికే కూస్తుంది. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో తూటా వెతకడానికి గ్రాహంబెల్ ఇలాంటి యంత్రమే తెచ్చి విఫలమయ్యాడు. మంచంలోని ఇనుప స్ప్రింగులే దారి తప్పించాయని చెబుతారు. రెండు ఫ్రేములు పక్కపక్కన పెడితే ఫ్రీక్వెన్సీలు వేరుగా ఉండాలి. తడి గుడ్డతో నేల తుడిచే చోట చెక్క ప్యానెల్ అడుగు ఉబ్బిపోతుంది, కాబట్టి కింద అల్యూమినియమో రబ్బరు తొడుగో ఉన్నదే తీసుకోండి.

గ్లవ్‌లా తొడుక్కునే డిటెక్టర్లు గేటు పనికి అనవసరం. గుప్తనిధుల కోసం వాడే నేల డిటెక్టర్లు తెచ్చేవాళ్లకు నా సమాధానం ఒకటే, వాటిని నేను ముట్టను. చట్టం ప్రకారం నిధి దొరికితే ప్రభుత్వానికి తెలియజేయాల్సిందే.

చార్జింగ్‌వి ఎవరికి సరిపోతాయంటే, 24 గంటలూ మనిషి ఉండే సెక్యూరిటీ గది ఉండి, ఏడాది పొడుగునా ఆగకుండా వాడే ఆఫీసులకు, పెద్ద హోటళ్లకు. అక్కడ కూడా స్క్రూలతో విప్పగలిగే డబ్బా ఉన్నదే అడగండి, గేటుకు ఒకటి ఎక్కువగా కొనండి.

ఆ రింగ్ రోడ్డు హాలువాళ్లు తర్వాత 9 వోల్టులవి ఆరు కొన్నారు, 8.4 వోల్టుల బ్యాటరీలు పన్నెండు. చార్జరు మేనేజరు గదిలో ఉంది. తాళం చెవిని దారంతో గేటు బల్లకు కట్టారు. మొన్న వాళ్ల దగ్గర్నుంచి ఒకటి రిపేరుకు వచ్చింది. స్విచ్ అరిగింది. మార్చి అదే రోజు సాయంత్రం పంపాను.