విజయవాడ సింగ్ నగర్ నుంచి కొండపల్లి దాకా: ఒక గేరు సైకిల్ మరమ్మతుల చిట్టా

మొదట విరిగింది వెనక చక్రం ఇరుసు. ఉండవల్లి దాటాక కరకట్ట మీద చక్రం ఊగడం మొదలైంది, డిస్కు ప్యాడుకు రాసుకుని కీచుమంది. దిగి చూస్తే అంతా బాగానే ఉన్నట్టు కనిపించింది. షాపులో విప్పితే ఇరుసు కుడివైపు రెండు ముక్కలు. మధ్యలోంచి దూరిన క్విక్ రిలీజ్ కడ్డీ ఆ రెండింటినీ కలిపి పట్టుకోవడం వల్ల నేను ఇంటిదాకా రాగలిగాను.

నేను వాడుతున్నది పాతికవేల లోపు దొరికే తరగతి ఎంటీబీ, అంటే రాళ్ల దారుల్లో తొక్కే మౌంటెన్ బైకు. అల్యూమినియం ఫ్రేము, 27.5 అంగుళాల చక్రాలు, ముందు 3, వెనక 7 కలిపి 21 గేర్లు, 100 మి.మీ. కదిలే స్ప్రింగు ఫోర్కు, కేబులుతో పనిచేసే డిస్కు బ్రేకులు. కరోనా లాక్‌డౌన్లు సడలాక కొన్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో ఏ సైకిల్‌ను తిరగేసి చూసినా సామాను దాదాపు ఇదే, పేరు తెలిసి ఒరిగేదేమీ లేదు. మామూలు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దాటి కరకట్ట, సెలవు రోజుల్లో కొండపల్లి ఖిల్లా వైపు రాళ్ల దారులు, ఎప్పుడైనా గుంటూరు స్నేహితులు పిలిస్తే కొండవీడు. నా వాడకం ఇది.

ఇరుసు సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే షోరూములో ఎవరూ చెప్పరు. తక్కువ ధర గేరు సైకిళ్లలో వెనక పళ్ల చక్రాలు మరతో హబ్బుకు (చక్రం నడిమి భాగానికి) బిగించిన ఫ్రీవీలుగా వస్తాయి. ఈ ఏర్పాటులో కుడివైపు బేరింగు హబ్బు లోపలే ఉండిపోతుంది. ఫ్రీవీలు వెడల్పంతా దాటుకుని ఇరుసు ఆధారం లేకుండా బయటికి వచ్చి ఫ్రేములో కూర్చుంటుంది. మనిషి బరువు, గుంతల దెబ్బ అంతా ఆ భాగం మీదే. పాతకాలపు ఒకే గేరు సైకిల్‌కు ఈ బాధ లేదు, అక్కడ ఫ్రీవీలు సన్నం. ఏడు చక్రాలు పేర్చేసరికి ఆ ఖాళీ పెరిగిపోయింది. షిమానో తరహా క్యాసెట్ హబ్బులో పళ్ల చక్రాలు విడిగా హబ్బు మీదికి ఎక్కుతాయి, కుడి బేరింగు ఫ్రేము దగ్గరికి జరుగుతుంది కాబట్టి ఇరుసు అంత తేలిగ్గా వంగదు.

మీరు చూస్తున్న సైకిల్‌కు ఏది ఉందో తెలుసుకోవడం సులువే. పెడల్‌ను వెనక్కి తిప్పండి. పళ్ల చక్రాలతో పాటు మధ్యలో గాడులున్న రింగు కూడా తిరిగితే క్యాసెట్. చక్రాలు తిరుగుతూ మధ్య భాగం కదలకుండా ఉంటే ఫ్రీవీలు. గేర్లు 21 ఉన్నాయా 24 ఉన్నాయా అన్న ప్రశ్న కంటే ఈ చిన్న పరీక్ష విలువైనది. 21లో సగానికి సగం ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఎలాగూ పనికిరావు.

కొత్త ఇరుసు వేయించాను, అదీ వంగింది. చివరికి 135 మి.మీ. ఫ్రేముకు సరిపోయే క్యాసెట్ హబ్బు తెప్పించి వెనక చక్రం మళ్లీ అల్లించాను. 8, 9 గేర్ల హబ్బు మీద 7 గేర్ల క్యాసెట్ కూర్చోవాలంటే లోపల ఖాళీ నింపే 4.5 మి.మీ. రింగు, అంటే స్పేసరు ఒకటి పడాలి. లేకపోతే ఎంత బిగించినా పళ్ల చక్రాలు లొడలొడలాడుతూనే ఉంటాయి. మా మెకానిక్ బాబాయి చేయి తిరిగిన మనిషి, రిమ్ము బెండు తీయడంలో ఊళ్లో ఆయనకు సాటి లేరని నా నమ్మకం, కానీ ఈ స్పేసరు ఆయనకూ కొత్త. "ఇంత డబ్బు దీని మీద పోసే బదులు ఒక పాత స్కూటీ వచ్చేదండీ" అంటూనే పని పూర్తిచేశారు. ఆ తర్వాత ఇరుసు జోలికి వెళ్లే అవసరం రాలేదు. చువ్వలు మాత్రం అప్పుడప్పుడూ తెగుతాయి, అదీ వెనక కుడివైపే. అటు బిగువు ఎక్కువ.

పంక్చర్ల గురించి ఎంత రాసినా తక్కువే. కృష్ణ ఒడ్డున పల్లేరుకాయ ఉంటుంది, అది ఎటు పొర్లినా ఒక ముల్లు పైకే చూస్తుంది. కొండపల్లి వైపు తుమ్మ ముళ్లు, అవి టైరు పక్క గోడలోంచి కూడా దిగుతాయి. ట్యూబు మార్చడం సంగతి సరే, టైరు లోపల చిన్న గుడ్డతో చుట్టూ తడిమి ముల్లు మొన తీయకపోతే కొత్త ట్యూబు పక్క వీధి దాకా కూడా రాదు. ట్యూబులో చిల్లులు పూడ్చే సీలెంటు పోయించాక పల్లేరు బెడద చాలావరకు తగ్గింది. అయితే మన ఎండలకు ఆ ద్రవం త్వరగా ఎండిపోతుంది. వేసవి ముందు ఒకసారి, వానల ముందు ఒకసారి పోయించుకోక తప్పదు. గాలి విషయంలో పంక్చర్ షాపు వాళ్లతో నాకు ఎప్పుడూ పేచీయే. 35 పీఎస్ఐ చాలంటే వినరు, టైరు నొక్కితే వేలు నొప్పిపెట్టేదాకా కొడతారు. రాళ్ల మీద అంత గాలితో వెళితే చక్రం పట్టు వదిలేస్తుంది. చిన్న గేజీ కొనుక్కుని ఇంటి పంపుతోనే కొట్టుకుంటున్నాను.

పట్టు వదిలేయడం అంటే ఏమిటో ఖిల్లా నుంచి దిగేటప్పుడు తెలిసింది. వేగం పెద్దగా లేదు. మలుపులో పొడి కంకర, ముందు చక్రం జారింది, కుడి అరచేయి నేలకు ఆనింది. మోకాలు గీరుకుపోయింది, హెల్మెట్ పక్కన సొట్ట పడింది. గాయాలను సబ్బుతో, పారే నీటితో కడిగి లోపలి ఇసుక తీసేసుకుని, టీటీ ఇంజెక్షన్ చేయించుకుంటే ఆ భాగం అయిపోయింది. మణికట్టు మాత్రం తేలలేదు. ఎక్స్‌రేలో ఏమీ కనిపించలేదు. వాపు కూడా కొంచెమే. అయినా డాక్టరు బొటనవేలిని పైకెత్తమని, దాని మొదట్లో రెండు స్నాయువుల (టెండన్ల) మధ్య పడే గుంటలో నొక్కారు. ప్రాణం పోయినంత పనైంది. అది స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉండే చోటట. దాని పగులు మొదటి ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చు కాబట్టి నొప్పిని బట్టి ముందే కట్టు వేసి, రెండు వారాల తర్వాత మళ్లీ తీస్తారు. మళ్లీ తీస్తే సన్నని గీత కనిపించింది.

బంధువుల్లో ఒకరు పుత్తూరు కట్టు అన్నారు, ఇంకొకరు బెణుకేనని నూనె రాయమన్నారు. ఈ ఎముకకు రక్తం ఒక చివర నుంచే ఎక్కువగా అందుతుంది. కదిలిస్తే అతుక్కోకుండా మిగిలిపోయి ఏళ్ల తరబడి మణికట్టును బాధిస్తుంది. కట్టు నెలల పాటు ఉంది, ఎడమచేత్తో పెరుగన్నం కలుపుకోవడం అలవాటైంది. సైకిల్ మీంచి చేయి ఆనించి పడి, ఆ గుంటలో నొప్పి ఉంటే ఎక్స్‌రే బాగుందన్న మాటతో సరిపెట్టుకోకండి. సొట్ట పడిన హెల్మెట్‌ను కూడా మళ్లీ పెట్టుకోకూడదు. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒక్క దెబ్బకే నలిగి తన పని అయిపోయిందనిపిస్తుంది, బయటికి ఎంత కొత్తగా కనిపించినా సరే.

చిన్న బాధల్లో ఒకటి చెప్పుకోవాలి. దూరం వెళ్లిన రోజుల్లో చిటికెన వేలు, దాని పక్క వేలు తిమ్మిరెక్కేవి. హ్యాండిల్ మీద అరచేతి అంచు నొక్కుకుని అక్కడి నరం మీద ఒత్తిడి పడటం వల్ల ఇలా జరుగుతుంది. వెడల్పు గ్రిప్పులు వేయించి, సీటును కాస్త వెనక్కి జరిపాక పోయింది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు సింగ్ నగర్‌ను ముంచినప్పుడు సైకిల్ కింది వాటాలోనే ఉంది. రోజుల తరబడి నీళ్లలో నిలబడింది. అప్పటికి ఇంట్లో అంతకంటే పెద్ద చింతలు ఉన్నాయి, దాని వైపు చూసేసరికి చైను తుప్పుముద్ద అయింది. సీటు గొట్టం పీకి సైకిల్‌ను తలకిందులు చేస్తే ఫ్రేములోంచి బురదనీళ్లు కారాయి. హబ్బులు విప్పి గుళ్లన్నీ కిరోసిన్‌లో కడిగి, పాడైనవి పారేసి, కొత్త గ్రీజు పెట్టారు బాబాయి. కేబుళ్లు, చైను, పెడళ్లు, కింది బేరింగు కొత్తవి. అల్యూమినియం ఫ్రేముకు ఏమీ కాలేదు, దాంట్లో దిగిన ఇనుప బోల్టులే పట్టేశాయి. ఫోర్కు మాత్రం అసలు కోలుకోలేదు. లోపల స్ప్రింగు తుప్పుపట్టి సగమే కదులుతోంది. ఈ తరగతి ఫోర్కుకు విడిభాగాలు దొరకవు, మారిస్తే మొత్తం మార్చాల్సిందే. అలాగే తిరుగుతున్నాను.

బ్రేకులు నన్ను ఆశ్చర్యపరిచాయి. వరద తర్వాత ప్యాడ్లు మార్చి డిస్కును స్పిరిటుతో తుడిస్తే మునుపటిలా పట్టాయి. ద్రవం ఒత్తిడితో పనిచేసే హైడ్రాలిక్ బ్రేకులకు మారమని స్నేహితులు పోరుతుంటారు. దాని పట్టు మేలే, కానీ షిమానో వాటిలో మినరల్ ఆయిల్ పోయాలి. తెలియని చోట మోటారు సైకిళ్ల బ్రేకుల్లో వాడే డాట్ ద్రవం పోస్తే లోపలి సీళ్లు పాడవుతాయి. కేబులు అయితే ఏ వీధి షాపులోనైనా మారుస్తారు.

చైను గురించి ఒక్క మాట. 12 అంగుళాల స్కేలును ఒక పిన్ను మధ్యలో ఆనించి చూడండి, అవతలి పిన్ను సరిగ్గా 12 దగ్గర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు దాటిందంటే చైను మార్చేయాలి. ఇంకా లాగితే అది పళ్ల చక్రాలను కూడా తినేస్తుంది.

బ్యారేజీ, కరకట్ట, బందరు రోడ్డు మాత్రమే మీ తిరుగుడైతే ఈ సైకిల్ కొనకండి. కదలని ఫోర్కు, 40 మి.మీ. లోపు టైర్లు ఉన్న హైబ్రిడ్ సైకిల్ తేలిగ్గా పోతుంది, పాడయ్యే భాగాలూ తక్కువ. కొండపల్లి, కొండవీడు రాళ్ల దారులు తొక్కేవాళ్లకు మాత్రం ఎంటీబీయే కావాలి, క్యాసెట్ ఉన్నది చూసి తీసుకోండి. బిల్లు కట్టేటప్పుడే వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను పట్టుకునే హ్యాంగరు ముక్కలు రెండు అదనంగా అడగండి. చువ్వల్లో కర్ర దూరితే ఫ్రేము బతకాలని ముందుగా వంగిపోయేలా చేసిన మెత్తటి ముక్క అది. మోడల్‌కో ఆకారం, ఒకదానిది ఇంకొకదానికి పట్టదు. నాది వంగినప్పుడు ఆ ముక్క బయటి ఊరి నుంచి వచ్చేదాకా చైను కత్తిరించి ఒకే గేరు మీద తొక్కాను. ఆ మోడల్ తయారీ ఆగిపోయాక అదీ దొరకదు.