బీవర్ వేటకు తొలి ఉచ్చు: 330 కోనిబేరా, కాలు పట్టేదా?

అమెరికా, కెనడాల్లో బీవర్లను (చెట్లు కొరికి వాగులకు అడ్డుకట్టలు కట్టే జంతువులను) పట్టడం కొత్తగా మొదలుపెట్టేవారు ఎక్కువగా తర్జనభర్జన పడేది ఈ రెండింటి మధ్యే. లైసెన్సు, స్థానిక నిబంధనలు దేనికైనా తప్పవు.

330 మోడల్ కోనిబేర్ అంటే జంతువు దూరగానే స్ప్రింగులతో టక్కున మూసుకునే పది అంగుళాల చదరపు ఇనుప చట్రం. బీవర్ రోజూ ఈదే ఇరుకు దారిలో, నీటిలో ముంచి, రెండు వైపులా కర్రలు గుచ్చి నిలబెడతారు. కర్రలు ఎండువే కావాలి. పచ్చివైతే బీవర్ వాటిని భోంచేసి పోతుంది! పైన అడ్డంగా ఒక దుంగ వేస్తే దాని కింద మునిగి నేరుగా చట్రంలో దూరుతుంది. మెడపై సరిగ్గా పడితే ప్రాణం త్వరగా పోతుంది. భయమంతా స్ప్రింగులతోనే. స్ప్రింగులను పట్టి ఉంచే సేఫ్టీ కొక్కేలు పెట్టకుండా చేయి లోపలికి పోనివ్వకండి, ఎముక విరుగుతుంది.

కాలు పట్టే ఉచ్చు చేతికి కాస్త నయం, చాకిరీ మాత్రం ఎక్కువ. గట్టున మట్టికుప్ప వేసి కాస్టోరియం (బీవర్ గ్రంథుల నుంచి తీసే ఘాటైన పదార్థం) వాసన పెట్టాలి, ఉచ్చు జారే తీగను లోతు నీటిలోకి దించాలి, దానికి వెనక్కి జారని తాళం బిగించాలి. చిక్కిన బీవర్ లోతుకు వెళ్లి పైకి రాలేక మునిగి చనిపోతుంది. లోతు చాలకపోతే జంతువుకు నరకయాతన.

పక్కన అనుభవజ్ఞుడుంటే నా ఓటు కోనిబేర్‌కే. నీటికుక్కలు తిరిగే వాగైతే కోనిబేర్ ట్రిగ్గర్ తీగలను (తగిలితే ఉచ్చు మూసుకునేవి) ఒక పక్కకు జరపండి. సన్నటి నీటికుక్క తప్పించుకునే వీలుంటుంది.