ఆల్ఫాఫోల్డ్ సర్వర్ రివ్యూ: ఎనొలేజ్, ఫ్లోరైడ్, అనంతపురం పీజీ థీసిస్

అనంతపురంలో బయోకెమిస్ట్రీ పీజీకి థీసిస్ టాపిక్ అనగానే ముందు తట్టేది ఫ్లోరైడే. బోరు నీళ్లు, మచ్చలు పడ్డ పళ్లు, వంగిన కాళ్లు జిల్లాలో రోజూ కనబడేవే. ఆ ఫ్లోరైడ్ ఏ ప్రొటీన్‌లో ఎక్కడ కూర్చుంటుందో చూడాలంటే ఇప్పుడు ఒక గూగుల్ అకౌంటు, మామూలు ల్యాప్‌టాప్ చాలని అనిపించేలా చేసింది ఆల్ఫాఫోల్డ్ సర్వర్, అంటే అమైనో ఆమ్లాల వరుస ఇస్తే ప్రొటీన్ త్రిమితీయ ఆకారాన్ని ఊహించి చూపే వెబ్‌సైటు. 2024 మే నెలలో గూగుల్ డీప్‌మైండ్, ఐసోమార్ఫిక్ ల్యాబ్స్ దీన్ని తెరిచాయి. వ్యాపారేతర పనికి పూర్తిగా ఉచితం. మెడికల్ కాలేజీలో ఉంటూ కంప్యుటేషనల్ స్ట్రక్చరల్ బయాలజీ వైపు వెళ్లాలనుకునేవాళ్లకు మొదటి మెట్టుగా దీన్ని గట్టిగా సిఫారసు చేస్తాం. అయితే ఏ ప్రశ్న అడగొచ్చో, ఏది అడగకూడదో తెలిసి వాడాలి.

గ్లూకోజ్ శాంపిల్ తీసే గ్రే ట్యూబులో ఉండేది సోడియం ఫ్లోరైడ్. అది ఎనొలేజ్‌ను అడ్డుకుంటుంది. గ్లైకాలిసిస్‌లో (కణాలు గ్లూకోజ్‌ను విరగ్గొట్టే వరుస చర్యల్లో) ఎనొలేజ్ చివరి మెట్ల దగ్గరి ఎంజైమ్ కాబట్టే మొదటి గంట, రెండు గంటలు గ్లూకోజ్ తగ్గుతూనే ఉంటుంది. సర్వర్‌కు ఇచ్చే పరీక్షగా ఈ ఎనొలేజ్‌నే తీసుకోండి. యూనిప్రాట్ అనే ప్రొటీన్ సీక్వెన్స్‌ల డేటాబేస్‌లో పి06733 (మనిషి ఎనొలేజ్) తెరిచి, 434 అమైనో ఆమ్లాల సీక్వెన్స్ కాపీ చేయండి. సర్వర్‌లో ప్రొటీన్ ఎంచుకుని అతికించి, కాపీలు 2 అని పెట్టండి. ఎనొలేజ్ రెండు గొలుసులు జతకట్టిన డైమర్‌గా పనిచేస్తుంది, 1 అని వదిలేస్తే రెండు సబ్‌యూనిట్లు కలిసే అంచు అసలు రాదు. తర్వాత అయాన్‌గా మెగ్నీషియం, కాపీలు 4. సర్వర్ జాబు సైజును టోకెన్లలో లెక్కిస్తుంది: ప్రతి అమైనో ఆమ్లం ఒక టోకెన్, అయాన్ ఒక టోకెన్, మొత్తం 872. ఒక జాబుకు 5000 వరకు ఇస్తారు కాబట్టి ఇబ్బంది లేదు. సబ్మిట్ కొడితే మామూలుగా నిమిషాల్లోనే 5 మోడళ్లు వస్తాయి. జిప్‌లో 0 నంబరుది సర్వర్ ర్యాంకులో మొదటిది.

ఇక్కడే అసలు చిక్కు. అయాన్ల జాబితాలో ఫ్లోరైడ్ లేదు. మెగ్నీషియం, జింక్, కాల్షియం, క్లోరైడ్ వంటివి కొన్నే ఉన్నాయి. లిగాండ్లూ (ప్రొటీన్‌కు అతుక్కునే చిన్న అణువులు) అంతే: ఏటీపీ, ఏడీపీ, హీమ్, ఎఫ్ఏడీ లాంటివి. మీకు కావలసిన మందు అణువును గీసి ఇచ్చే దారి లేదు. కాబట్టి ఫ్లోరైడ్ ప్రశ్నకు జవాబు పీడీబీలోనే (ప్రయోగాల్లో తేలిన ప్రొటీన్ నిర్మాణాల డేటాబేస్) వెతకాలి. మనిషి నాడీకణాల ఎనొలేజ్‌ను మెగ్నీషియం, ఫ్లోరైడ్, ఫాస్ఫేట్‌తో పట్టిన ఎక్స్-రే నిర్మాణం 2ఏకేజెడ్ అక్కడ ఉంది. దాని పక్కన మీ మోడల్ పెట్టి పోల్చండి. పీజీ సెమినార్‌కు ఇంతకంటే మంచి అభ్యాసం దొరకదు.

ఇంకో మాట, ఇది ముఖ్యం. సర్వర్‌కు గాఢత అనే సంగతే తెలియదు. నాలుగు మెగ్నీషియంలు ఇస్తే నాలుగింటినీ ఎక్కడో ఒకచోట కూర్చోబెడుతుంది. గ్రే ట్యూబులో మిల్లీలీటరుకు 2.5 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్ ఉంటే అది దాదాపు 60 మిల్లీమోలార్. తాగునీటిలో ఫ్లోరైడ్‌కు అనుమతించే గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు, అంటే 0.08 మిల్లీమోలార్. తేడా సుమారు 750 రెట్లు. రక్తంలో ఇంకా తక్కువ. ట్యూబులో ఎనొలేజ్ ఆగుతుంది కాబట్టి ఫ్లోరోసిస్ రోగిలోనూ ఆగుతుందని బొమ్మ చూపించి రాస్తే వైవాలో నిలబడదు.

బొమ్మ రంగులు చదవడం నేర్చుకోవాలి. పీఎల్‌డీడీటీ (ఆ చోటి ఆకారం మీద సర్వర్ నమ్మకపు స్కోరు, 0 నుంచి 100) 90 పైన ముదురు నీలం, 50 కింద నారింజ. నారింజ భాగాన్ని నిర్మాణంగా వర్ణించొద్దు, చాలాసార్లు అక్కడ స్థిరమైన ఆకారమే ఉండదు. రెండు గొలుసుల కలయికకు ఐపీటీఎం (ఆ కలయిక మీద సర్వర్ నమ్మకపు స్కోరు) చూడండి: 0.8 దాటితే నమ్మొచ్చు, 0.6 కింద వదిలేయండి, మధ్యలో ఉంటే వేరే సాక్ష్యం కావాలి. ఎక్కువమంది జారేది బీ-ఫ్యాక్టర్ దగ్గర. మోడల్ ఫైలులో బీ-ఫ్యాక్టర్ గడిలో ఉండేది పీఎల్‌డీడీటీ. ఎక్స్-రే నిర్మాణంలో పెద్ద బీ-ఫ్యాక్టర్ అంటే కదలిక, అనిశ్చితి. ఇక్కడ పెద్ద సంఖ్య అంటే నమ్మకం. రెండూ ఒకే రంగుల స్కేలుతో చూస్తే అర్థం తలకిందులవుతుంది. ప్రొటీన్ బొమ్మలు చూసే సాఫ్ట్‌వేర్ కైమెరాఎక్స్‌లో ఆల్ఫాఫోల్డ్ పాలెట్ విడిగా ఉంది, దాన్నే వాడండి.

ఒక అమైనో ఆమ్లం మార్చి మ్యుటేషన్ ప్రభావం చూద్దామనుకుంటే నిరాశే. సికిల్ సెల్ బీటా గొలుసు ఇచ్చినా దాదాపు మామూలు హిమోగ్లోబిన్ ఆకారమే వస్తుంది. ఆ జబ్బు ఆక్సిజన్ వదిలిన హిమోగ్లోబిన్ టెట్రామర్లు (నాలుగు గొలుసుల గుంపులు) ఒకదానికొకటి అతుక్కోవడంలో ఉంది, ఒక్క టెట్రామర్ మడతలో కాదు.

బోధనకు 5కి 5 ఇస్తాం, కొత్త ప్రొటీన్ జంటల మీద ఊహ కట్టడానికి 4, మందుల వేటకు 1. ఆ 1కి కారణం నిబంధనలు కూడా: సర్వర్ ఫలితాలను ఆటోడాక్ లాంటి డాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో (మందు అణువు ప్రొటీన్‌లో ఎక్కడ కూర్చుంటుందో లెక్కించేది) పెట్టకూడదు. డాకింగే మీ పనైతే ముందే కట్టి పెట్టిన మోడళ్లుండే ఆల్ఫాఫోల్డ్ డేటాబేస్ నుంచి మోడల్ తీసుకోండి. దాని లైసెన్సు సీసీ-బై 4.0, మూలం చెప్పి వాడుకోవచ్చు. రోగి చికిత్స నిర్ణయాలకు మాత్రం ఈ రెండూ పనికిరావు.

థీసిస్ మెథడ్స్‌లో జాబు తేదీ, సీడ్ నంబరు (జాబు మొదలయ్యే యాదృచ్ఛిక సంఖ్య), యూనిప్రాట్ నంబరు రాయండి. జిప్‌లోని జాబ్ రిక్వెస్ట్ ఫైలును అనుబంధంగా జతచేస్తే పరీక్షకులు అదే జాబును మళ్లీ నడిపి చూడగలరు.