కీళ్లవాతం: ఊళ్లో ఇంజెక్షనా, రుమటాలజిస్టు దగ్గర ఫాలోఅప్పా?

మా అత్తయ్యకు రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున లేచాక గంటసేపు వేళ్లు ముడవలేదు, కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకోవాలి. ఊళ్లో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకుంటే ఒకట్రెండు రోజుల్లో హాయి. ఖర్చు తక్కువ, బస్సెక్కే పని లేదు. జనం అటే మొగ్గితే తప్పుపట్టలేం. కానీ దాని ప్రభావం కొన్నాళ్లే. పదేపదే వేయించుకుంటే షుగర్ పెరగడం, ఎముకలు గుల్లబారడం అదనం.

కీళ్లవాతాల స్పెషలిస్టు, అంటే రుమటాలజిస్టు పద్ధతి వేరు. (హైదరాబాద్ నిమ్స్‌లో దీనికి ప్రత్యేక విభాగమే ఉంది.) 28 కీళ్లు నొక్కి చూసి, నొప్పీ వాపూ లెక్కపెట్టి, ఈఎస్ఆర్‌తో (ఒంట్లో వాపు ఎంతుందో చెప్పే రక్తపరీక్ష) కలిపి జబ్బు తీవ్రతకు స్కోరు వేస్తారు. స్కోరు దిగకపోతే మందు పెంచుతారు, లేదా మారుస్తారు. సాధారణంగా మొదట ఇచ్చేది మెథోట్రెక్సేట్. వారానికి ఒక్కరోజే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాల మీదికొస్తుంది. అందుకే అత్తయ్య క్యాలెండర్లో ఆదివారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టింది. గుణం కనిపించడానికి 6 నుంచి 12 వారాలు పడుతుంది. చాలామంది ఈలోపే విసుగొచ్చి మానేస్తారు.

నా ఓటు రెండోదానికే. ఈ మందు వాడేటప్పుడు చేయించాల్సిన లివర్, రక్తకణాల పరీక్షలు దగ్గర్లోని ల్యాబ్‌లోనే చేయించి, రిపోర్టులు ఫోన్లో పంపితే చాలనే డాక్టరు దొరికితే సిటీ ప్రయాణాలూ సగం తగ్గుతాయి.