ఇంటికి పాత మిల్లింగ్ మెషీన్: గుండ్రటి కాలమా, డవ్‌టెయిలా, నీ (knee, మోకాలు) టైపా?

సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికేది ఎక్కువగా గుండ్రటి కాలమ్ (నిలువు స్తంభం) రకమే. తైవాన్ రాంగ్ ఫూ వారి ఆర్‌ఎఫ్-30, 31, వాటిని చూసి చేసినవి ఈ కోవలోవి. బరువు సుమారు 300 కిలోలు. చిక్కంతా తలతోనే, అంటే కాలమ్ మీద ఉండి మోటర్‌ని, పనిముట్టు తిప్పే స్పిండిల్‌ని మోసే భాగంతోనే. ఎత్తు మార్చడానికి క్లాంప్ బోల్టులు వదిలితే తల కాలమ్ చుట్టూ తిరిగి, పనిముక్క మీద పట్టుకున్న సెంటర్ పోతుంది. కాలమ్ మధ్య నుంచి స్పిండిల్ 250 మి.మీ. దూరంలో ఉంటే, 0.1 డిగ్రీ తిరిగినా స్పిండిల్ 0.4 మి.మీ. పక్కకు జరుగుతుంది.

ఇది ఎప్పుడు ఏడిపిస్తుందంటే, కోలెట్‌లో (పనిముట్టుని పట్టే చీలికల గొట్టం) పెట్టిన ఎండ్‌మిల్‌తో (మిల్లింగ్ కట్టర్) ముఖం కోసి, అదే సెట్టింగ్‌లో బెజ్జం వేయాల్సి వచ్చినప్పుడు. డ్రిల్ చక్, బిట్ కలిపి జానెడు దాటతాయి. క్విల్ (స్పిండిల్‌తో పాటు కిందికి దిగే గొట్టం) దిగేది 125 మి.మీ. మాత్రమే, తల ఎత్తక తప్పదు. మొదటే తల పైన పెట్టి, క్విల్ బాగా చాచి ఎండ్‌మిల్ నడిపితే చాటర్ (కోతలో అదురు) వస్తుంది. మేలైన దారి, చక్ మానేసి పొట్టి డ్రిల్ బిట్‌ని కోలెట్‌లోనే పట్టడం. తలకి లేజర్ గీత బిగించి ఎదురు గోడ మీద గుర్తు పెట్టుకునేవాళ్లున్నారు. 4 మీటర్ల దూరంలో గీత 1 మి.మీ. తప్పితే స్పిండిల్ దగ్గర 0.06 మి.మీ. తేడా. బోల్టు బెజ్జాలకి చాలు. బేరింగ్ సీటు బోరింగ్‌కి చాలదు, మళ్లీ డయల్ గేజ్ (సన్న తేడాలు చూపే ముల్లు గేజ్) తిప్పి సెంటర్ పట్టాల్సిందే.

ఆర్‌ఎఫ్-45 లాంటి డవ్‌టెయిల్ (పావురం తోక ఆకారపు గాడి) కాలమ్‌లో తల నిలువుగా జారుతుంది, జిబ్ (గాడిలో సందు సరిచేసే పట్టీ) సరిగ్గా ఉంటే సెంటర్ నిలుస్తుంది. బ్రిడ్జ్‌పోర్ట్ తరహా నీ టైపులో బల్లే పైకొస్తుంది కాబట్టి ఆ గొడవే లేదు. కానీ దాదాపు టన్ను బరువు, సాధారణంగా త్రీఫేజ్. సింగిల్‌ఫేజ్ కరెంటు మీద వీఎఫ్‌డీతో (త్రీఫేజ్ మోటర్‌ని నడిపే ఎలక్ట్రానిక్ డ్రైవ్) నడపాలంటే మోటర్ ప్లేటు మీద 230 డెల్టా, 415 స్టార్ అని ఉండాలి. 415 డెల్టా అని ఉంటే ఆ డ్రైవ్ మీద బలం చాలదు.

గ్రౌండ్ ఫ్లోర్, గట్టి నేల ఉంటే నీ టైపే. లేదంటే డవ్‌టెయిల్. ధర తేడా వైస్, కోలెట్ల ఖర్చుని మించితేనే గుండ్రటి కాలమ్ వైపు చూడండి. బ్రాకెట్లు, ప్లేట్లు, స్లాట్లు చేసుకునేవాళ్లకి అది బాగానే పనికొస్తుంది.

కొనేముందు స్పిండిల్ టేపర్ (పనిముట్టు కూర్చునే వాలు రంధ్రం) లోపల డయల్ గేజ్ పెట్టి చేత్తో తిప్పండి. ముల్లు 0.02 మి.మీ. మించి ఊగితే బేరమాడండి. బల్ల మధ్యలో ఉండగా జిబ్ బిగించి, చివరిదాకా జరిపినప్పుడు పట్టేస్తే, గైడ్లు (బల్ల జారే దారులు) మధ్యలో అరిగినట్టే. తల క్లాంప్ చెవుల దగ్గర పగుళ్లకి టార్చి వేసి చూడండి. అతిగా బిగిస్తే అక్కడే పోతుంది. పనిముట్టు ఊడదీయడానికి ఆర్8 రకం టేపర్‌కి డ్రాబార్ (పైనుంచి దాన్ని లాగి పట్టే పొడుగు బోల్టు) వదిలి చిన్న దెబ్బ చాలు. ఎంటీ3 (మోర్స్ టేపర్ 3) రకం కరుచుకుంటుంది. డ్రాబార్ ఒకటి రెండు చుట్లే వదిలి, ఇత్తడి సుత్తితో కొట్టాలి. మెషీన్ దించేటప్పుడు తల పూర్తిగా కిందికి, బల్ల మీదికి తెచ్చి బిగించాకే చైన్ పుల్లీ తగిలించండి. తల పైనుంటే మెషీన్ పక్కకి ఒరుగుతుంది.