బ్యాటరీ ముందుకు, ట్యాంకు మధ్యకు: కొన్నేళ్లు నడిపాక నా మాట

బోటు కట్టినవాళ్లు బ్యాటరీనీ పెట్రోలు ట్యాంకునీ అమరంలో, అంటే బోటు వెనక భాగంలో, మోటారు పక్కనే బిగించి ఇచ్చారు. వైరు తక్కువ, పైపు తక్కువ, వాళ్లకు పని తేలిక. నడిపేవాడికి మాత్రం నరకం. 18 అడుగుల ఫైబర్ బోటు, వెనక 40 కిలోల మోటారు, దాని పిడి పట్టుకుని నేను, పక్కన బ్యాటరీ. 24 లీటర్ల ట్యాంకు నిండితే పెట్రోలే దాదాపు 18 కిలోలు. వేగం పెంచగానే ముక్కు పైకి లేచిపోయేది. కోరంగి మడ అడవిలో ఏటి మలుపు తిరిగితే ఎదురుగా వలకర్రలున్నాయో, ఇంకో పడవ ఉందో కనిపించేది కాదు.

బ్యాటరీని ముందు బల్ల కిందకి మార్చిన రోజు ఆ బాధ తీరింది. ముక్కు దిగింది, బోటు త్వరగా నీటి మీదకి తేలింది, కూర్చునే దారి చూడగలిగాను. మోటారు మార్చినా ఇంత ఆనందం ఉండేది కాదేమో. రేవులో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను.

తర్వాత ఒక సాయంత్రం, నీరు సముద్రంలోకి తీసే పాటు వేళ, మోటారు ఆపి గాలం వేశాను. తిరిగి బటన్ నొక్కితే టక్‌మని శబ్దం, అంతే. లైటు బాగానే వెలుగుతోంది. మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 12.6 వోల్టులు. అదే మోటారు దగ్గర పెట్టి బటన్ నొక్కితే 9 కంటే కిందికి పడిపోయింది. బోటు మెల్లగా కాకినాడ అఖాతం వైపు జారుతోంది. మూత విప్పి, చక్రానికి తాడు చుట్టి లాగి లాగి చేతులు బొబ్బలెక్కాక అంటుకుంది. ఒడ్డున విప్పి చూస్తే, వైరు పొడిగించిన ఎలక్ట్రీషియన్ మధ్యలో అతుకేసి టేపు చుట్టాడు. లోపల రాగి పచ్చగా చిలుము పట్టి ఉంది. లైటుకి కావలసిన కొద్దిపాటి కరెంటు ఆ అతుకు దాటి వచ్చింది, స్టార్టరు లాగేంత రాలేదు.

ఆ వైరు కూడా సన్నం, 16 చదరపు మిల్లీమీటర్లు. ముందు నుంచి వెనక్కి 5 మీటర్లంటే పోనూ రానూ 10. స్టార్టరు 100 ఆంపియర్లు లాగితే ఒక వోల్టుకి పైగా వైరులోనే పోతుంది. ఇప్పుడు తగరం పూసిన 35 చదరపు మిల్లీమీటర్ల వైరు, అతుకు లేకుండా ఒకే ముక్క వేయించాను. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు పెట్టించాను. దాదాపు కొత్త బ్యాటరీ ధర అయింది. ముందుకి మార్చుకోమని చెప్పేటప్పుడు ఈ ఖర్చు కూడా కలిపి చెబుతున్నాను.

ముందుకి అంటే మరీ కొసకి కాదు. హోప్ ఐలాండ్ దాటి అలల్లోకి వెళ్తే కొసన దెబ్బలు ఎక్కువ, బ్యాటరీ లోపలి ప్లేట్లు తట్టుకోవు. మావాళ్లు ఇద్దరు ముందు కూర్చుంటే ముక్కు అలలోకి దూరి నీళ్లు కొడుతుంది కూడా. అందుకే తర్వాత రెండడుగులు వెనక్కి జరిపాను.

ట్యాంకుని మధ్య బల్లకి కాస్త వెనగ్గా పట్టీలతో కట్టాను. పెట్రోలు ఖర్చయ్యేకొద్దీ బరువు తగ్గుతుంది కాబట్టి, అది మధ్యలో ఉంటే బోటు వాలు పెద్దగా మారదు. పైపు మీటరు పెరిగినా ఇబ్బంది లేదు, క్లిప్పులు గట్టిగా ఉంటే చాలు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. బ్యాటరీ దగ్గర నిప్పురవ్వ లేవడానికి క్షణం చాలు. రెండూ దూరంగా ఉన్నాయన్న ధైర్యమే నాకు అన్నిటికంటే విలువైనది.

ఎక్కువగా ఒక్కడినే, ఏటిలో తిరుగుతాను కాబట్టి నాకు ఇది సరిపోయింది. ఎప్పుడూ ముందు మనుషులుండే బోటైతే బ్యాటరీని మధ్యలోనే ఉంచమంటాను. తాడుతో లాగే మోటారైతే మొదట ట్యాంకు ఒక్కటే జరిపి చూడండి.