తొంభై యూరోలు తీసుకుని గైడు దాటవేసిన చరిత్ర

పంతొమ్మిదో శతాబ్దపు సెర్బియాను ఒక్క రోజులో చూపిస్తానన్న బెల్‌గ్రేడ్ గైడు మాట నమ్మి, మా ఇద్దరికీ 90 యూరోలు ముందే కట్టాను. ఆ డబ్బు మరొకరు పోగొట్టుకోకూడదనే ఇది రాస్తున్నాను.

1804లో కరాజార్జె నాయకత్వంలో ఒట్టోమన్లపై తిరుగుబాటుకు తీర్మానం జరిగిన ఒరాషాత్స్ దగ్గర కారు పది నిమిషాలే ఆగింది. తోపొలా దారిలో వైన్ దుకాణం ముందు మాత్రం గంటన్నర ఆగింది. మద్యం ముట్టని మా ఆవిడ కారు దిగలేదు, సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు. ఓప్లెనాత్స్ చర్చికి చేరేసరికి తలుపులు మూసేశారు.

అంతకంటే బాధ కలిగించింది మరొకటి. 1844 నాటి ‘నాచెర్తానియే’ అనే సెర్బియా విస్తరణ పథకం గురించి అడిగితే, రాజకీయాలు మనకెందుకన్నాడు గైడు. నేను అంత దూరం వెళ్లిందే దానికోసం. పోలిష్ ప్రవాసుల తరఫున బెల్‌గ్రేడ్‌లో పనిచేసిన చెక్ దేశీయుడు ఫ్రాంటిషెక్ జాఖ్ సెర్బులు, క్రొయేషియన్లు వంటి దక్షిణ స్లావులందరి ఐక్యతకు ఒక పథకం రాసి ఇస్తే, మంత్రి ఇలియా గరాషానిన్ అందులో చాలా భాగం తీసుకుని, ‘దక్షిణ స్లావ్’ అన్న చోట్ల ‘సెర్బ్’ అని మార్చి, క్రొయేషియన్లతో కలిసి నడవాలన్న భాగాన్ని వదిలేశాడు. పద్నాలుగో శతాబ్దపు సెర్బియా చక్రవర్తి దుషాన్ సామ్రాజ్యాన్ని మళ్లీ నిలబెట్టడమే తమ హక్కు అన్నాడు. 1906లో అచ్చయ్యేదాకా అది రహస్య పత్రమే. ఇందరు కలిసి బతకాల్సిన నేల మీద ఆ ఒక్క మాట మార్పు ఎంత బరువైనదో చెప్పకుండా ఆ శతాబ్దాన్ని చూపించానంటే నేను ఒప్పుకోను.

మర్నాడు ఇద్దరికీ రానుపోను 3,400 దినార్లు పెట్టి బస్సులో మళ్లీ ఓప్లెనాత్స్ వెళ్లాము. వెళ్లకపోతే నష్టపోయేవాళ్లం. 1910లో రాజు పేతర్ కట్టడం మొదలుపెట్టించిన ఆ చర్చిలో, సుమారు 60 మధ్యయుగపు సెర్బియన్ ఆలయాల చిత్రాలను రంగు గాజు ముక్కలతో మళ్లీ పొదిగారు. దగ్గరికి వెళ్లి చూస్తే ఒక్కో ముక్క వేలిగోరంత కూడా లేదు. గరాషానిన్ కాగితం మీద కోరుకున్న గతం ఇక్కడ గోడలెక్కిందని నాకనిపించింది. మెడ నొప్పి పుట్టేదాకా మా ఆవిడ పైకి చూస్తూనే ఉంది. తర్వాత తోపొలాలో 450 దినార్లకు తిన్న ప్రెబ్రనాత్స్, అంటే ఉల్లిపాయలతో పొయ్యిలో మగ్గబెట్టిన చిక్కుడు గింజలు, ఆమె కోపాన్ని పూర్తిగా తీర్చేసింది.

బెల్‌గ్రేడ్‌లో గైడు అవసరమే లేదు. రిపబ్లిక్ స్క్వేర్‌లో గుర్రం మీద చెయ్యి చాచిన అప్పటి సెర్బియా పాలకుడు మిహాయిలో విగ్రహం చూసి, కాలెమెగ్దాన్ కోట దాకా నడవండి. 1867లో ఒట్టోమన్ పాషా ఆయనకు కోట తాళాలు అప్పగించిన ఘట్టానికి గుర్తుగా అక్కడ ఒక తెల్లని రాయి నిలబెట్టారు. అప్పగింత తర్వాత కూడా సెర్బియా జెండా పక్కన సుల్తాన్ జెండా ఎగరాలన్నది షరతు. ఆ రాయి చూడటానికి టికెట్టు లేదు, 2025 జనవరి నుంచి సిటీ బస్సులకూ ఛార్జీ లేదు.